మీసం తీసిన రాణి

గోదావరిఖనిలో మీసాల మాట ఎత్తితే ముందు నర్సింగం మీసం మాటే ఎత్తాలి. అది అల్లాటప్పా మీసం కాదు. పెదవి మీద మొదలై, రెండు చెంపల మీదుగా పోయి, చెవుల దాకా వెళ్దామా వద్దా అని కాసేపు ఆలోచించుకుని, చివరికి పైకి లేచి నిలబడేది. కూరగాయల మార్కెట్లో ఆ మీసాన్ని చూసి బేరం తగ్గించినవాళ్ళున్నారు. యాభై దాటాక కూడా అంత నల్లగా ఎట్లా ఉందయ్యా అంటే, అంతా బొగ్గు మహిమ అనుకునేవారు జనం. రంగు సీసా మహిమ అని ఆయన భార్య సారవ్వకు ఒక్కదానికే తెలుసు.

బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. బాయి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని నర్సింగానిది. పనికి తగ్గ మనిషి, మనిషికి తగ్గ గొంతు. ఆ గొంతుతో మంచినీళ్ళు అడిగినా తగాదాకు వచ్చినట్టే ఉండేది. ఆయన దగ్గితే చాలు, కొత్తగా చేరిన పిల్లలు పక్కకు జరిగేవాళ్ళు. ఇంత చెప్పి అసలు సంగతి దాచిపెడితే పాపం తగులుతుంది కాబట్టి చెప్పెయ్యాలి. ఆ గొంతు ఆయనది కాదు. ఆయన సొంత గొంతు సన్ననిది, తియ్యనిది, పాట ఎత్తుకుంటే వాగు అవతలి గట్టు దాకా వినబడేది. ముప్పై ఏళ్ళ కిందట దాన్ని లోపలికి తోసి, వాకిట్లో ఈ గరగరను కాపలా పెట్టాడు.

పెద్దపల్లి అవతల మొగిలివాగు అనే పల్లె ఆయన సొంతూరు. ఎండాకాలం పొలం పనులు లేని రోజుల్లో ఆ ఊళ్ళో చిరుతల ఆట ఆడతారు. చేతుల్లో చిరుతలనే చెక్క తాళాలు, కాళ్ళకు గజ్జెలు, మధ్యలో డోలకూ హార్మోనియమూ. గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, ఆడుతూ రోజుకింత చొప్పున కథ నడుపుతారు. వేషాలన్నీ మగవాళ్ళే వేస్తారు, ఆడవేషాలతో సహా. ఆ ఊరివాళ్ళు తాతల కాలంలో సొంతంగా కట్టుకున్న కథ కనకాంబర రాణిది. చెయ్యని తప్పుకు రాజు ఆమెను అడవికి వెళ్ళగొడతాడు. ఏళ్ళ తరబడి అడవిలో తిరిగి, చివరి రోజు నిండు సభకు వచ్చి, నేనెవరో చూడు అని రాజును నిలదీస్తుంది. నర్సింగం పదహారేళ్ళకే ఆ రాణి. చీర కట్టి, జడకు పూలు పెట్టి తెర వెనక నుంచి వచ్చాడంటే, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు "మనకన్న మంచిగున్నడు గదనే" అని మూతులు ముడుచుకునేవారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు.

అంత రాణీ బాయిలో పడి మీసమైపోయింది. తండ్రి ఒంట్లో బాగుండక పని మానేస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. మొదటి రోజే, నెత్తి దీపాలు ఇచ్చే ల్యాంప్ రూం ముందు, ఆట చూసినవాడు ఒకడు గుర్తుపట్టాడు. "ఓరి, ఈడు మన రాణెమ్మ గాదుర!" అన్నాడు. అయిపోయింది. బాయిలో ఒకసారి పేరు పడితే దాన్ని చెరపడం బ్రహ్మ తరం కాదు. దుంగ ఎత్తితే "రాణెమ్మా, నడుము జర పైలం" అనేవారు. సద్ది విప్పితే "రాణెమ్మ ఏం వండింది?" అనేవారు. ఈలలు, చప్పట్లు, నవ్వులు. అంత లోతులో, ఒకరి ప్రాణానికి ఒకరు పూచీ పడే చోట, నలుగురిలో ఒకడు కాకపోతే బతుకు కష్టం. పాపం, ఇరవై రెండేళ్ళ పిల్లవాడు, ఏం చేస్తాడు? మీసం పెంచాడు. గొంతు దించాడు. బూతులు నేర్చాడు. రాణెమ్మ అన్నవాడి పన్ను ఒకటి ఊడగొట్టాడు. ఆ తర్వాత మీసాల నర్సింగం అన్నారు తప్ప ఇంకో మాట అనలేదు.

మళ్ళీ ఆట మొహం చూడలేదు. తల్లి లస్మవ్వ ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి నెలకోసారి వెళ్ళేవాడు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఎండాకాలం అయితే అదీ గంటా రెండు గంటలే. ఎవరింట్లోనైనా గజ్జెలు గల్లుమంటే చాలు, బండి స్టార్ట్ చేసేవాడు.

మొన్న మే నెలలో, రామగుండం ఎండకు రోడ్డు మీద తారు కరుగుతున్న రోజుల్లో, చిన్నాయన కొడుకు జైపాల్ మోటారు సైకిల్ వేసుకుని క్వార్టర్‌కు వచ్చాడు. కూలర్ ముందు కూలబడి, చెంబెడు నీళ్ళు తాగి, అప్పుడు నోరు విప్పాడు.

"అన్నా, అంజిగాడు కాలిరగ్గొట్టుకున్నడు."

"ఏ అంజి?"

"మన రాణి. గిప్పటి రాణి. బండి మీదికెళ్ళి పడ్డడు. దవాఖానల పట్టి ఏసిన్రు. ఐతారం ఆఖరి ఆట, రాణి లేదు."

"అయితే ఆపుండ్రి."

జైపాల్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఏం మాట్లాడుతున్నవే? గజ్జె కట్టిన ఆటను ఎట్ల ఆపుతం?"

నిజమే. ఆ ఆటకు ఒక కట్టడి ఉంది. మొదటి రోజు పూజ చేసి గజ్జె కట్టారంటే, చివరి రోజు రాజుకూ రాణికీ మళ్ళీ కల్యాణం చేసేదాకా ఆపకూడదు. ఆపితే ఊరికి అరిష్టం. ఆ కల్యాణం కూడా పట్టపగలు, నలుగురి ముందరే జరగాలి. ఇదంతా నర్సింగానికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అందుకే తల పక్కకు తిప్పుకుని కూలర్‌ను సరిచేస్తున్నట్టు నటించాడు.

"గట్టయ్య కాక పంపిండు," అన్నాడు జైపాల్. గట్టయ్య ఆట నేర్పే గురువు, ఎనభై దాటిన ముసలాయన. "ఆఖరి పాట ఎరుకైనోడు నర్సింగమొక్కడే, కాళ్ళన్న మొక్కి తోల్కరా అన్నడు."

"నాకేం యాదికి లేదు."

వంటింట్లో సారవ్వ నవ్వింది. నవ్వి ఊరుకుందా, గరిటె చేతిలో పట్టుకుని బయటికే వచ్చింది.

"యాదికి లేదా? మరి నిద్రల పాడేదెవలయ్యా, పక్కింటాయననా?"

"ఊకోవే."

"ఎందుకు ఊకోవాలె? జైపాలూ, ఇను. మా అయ్య నాకు సంబంధం సూపియ్యనీకి ఆటకు తోల్కపోయిండు. రాణిని జూసిన. గంత మంచిగ పాడేటోడు మంచోడే అయి ఉంటడని తలకాయ ఊపిన. లగ్గమై ఈడికచ్చి చూస్తె ఏమున్నది? రాణి లేదు, మీసమున్నది. ఇన్నేండ్లు ఆ మీసంతోనే కాపురం జేసిన."

జైపాల్‌కు పొలమారింది. నర్సింగానికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇజ్జత్ పోతదే," అన్నాడు. "బాయిల తెలిస్తె నేను తలకాయ ఎత్తుకోని తిరుగుతనా? యాభై ఐదేండ్ల ముసలోడు చీర కట్టిండంట అని షిఫ్టు షిఫ్టంతా నవ్వుతది."

సారవ్వ గరిటె పక్కన పెట్టింది. ఈసారి నవ్వకుండానే మాట్లాడింది. "ఇజ్జత్ పోతదని ఇడిసిపెడితివి. సరే, దక్కించుకుంటివి. మరి నీకేం మిగిలింది? నవ్వితె బొంగురు, మాట్లాడితె బొంగురు. మామ పోయిననాడు సుత నోరారా ఏడ్వకపోతివి, యాడ గొంతు బయటవడుతదో అని తువ్వాల నోట్ల కుక్కుకుంటివి. నేను చూస్తనే ఉంటి గదా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ తువ్వాల సంగతి ఎవరూ చూడలేదనుకున్నాడు నర్సింగం ఇన్నాళ్ళూ. చివరికి మెల్లగా ఒక షరతు పెట్టాడు. "వస్త. గని మీసం తియ్య. కొంగు అడ్డం పెట్టుకుంట."

జైపాల్ అక్కడికక్కడే గట్టయ్యకు ఫోన్ కలిపాడు. ముసలాయన అరుపు ఫోన్లోంచి గది అంతా వినబడింది. "రాణికి మీసమేందిరా? కొంగు నోట్ల వెట్టుకోని పాడుతదా? తీసి రమ్మను, లేకుంటె రావద్దను!" అని టక్కున పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్నే నర్సింగం సెలూన్‌కు వెళ్ళి కుర్చీలో కూర్చుని మీసం తియ్యమన్నాడు. సెలూన్ అతను కత్తెర పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. తల్లో తండ్రో పోతే తప్ప ఇక్కడ ఎవరూ మీసం తియ్యరు.

"అన్నా, ఇంట్ల అంత మంచిదే గదా?"

"తియ్యి జల్ది."

తీశాడు. అద్దంలో చూసుకుంటే ఎవరో తెలియని మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంది. అంత నల్లటి మొహంలో ఆ పెదవి పైన మాత్రం ఎండ తగలక తెల్లగా, చంటిపిల్లవాడి చెంపలాగా ఉంది. నర్సింగం దాన్ని తడుముకుని, తువ్వాల తలకు చుట్టుకుని, సారవ్వను బండి మీద ఎక్కించుకుని బయలుదేరాడు. ఆమె ఒడిలో చీరల మూట.

ఎవరికి కనబడకూడదో వాళ్ళే ముందు కనబడతారు కదా. చౌరస్తా దాటకముందే శాంతిరాజ్ ఎదురొచ్చాడు. ఒకే బాయి, ఒకే షిఫ్టు, పక్క పక్క క్వార్టర్లు. మనిషి బంగారమే గానీ నోటికి తాళం లేదు. తెల్ల చొక్కా వేసుకుని, బైబిల్ చంకలో పెట్టుకుని చర్చికి పోతున్నవాడు నర్సింగాన్ని చూసి నడిరోడ్డు మీదే ఆగిపోయాడు.

"అన్నా! ఏందే గిది? మీసమేది?"

సిగ్గుతో నర్సింగానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఊరికి పోతున్న. అవ్వ కాడికి," అని మాత్రం గొణిగి బండి దూకించాడు.

అప్పుడు జరిగిన సంగతి శాంతిరాజ్ తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మీసం తీసిన మనిషి, నీళ్ళు నిండిన కళ్ళు, అవ్వ కాడికి అన్న మాట. ఇంకేం కావాలి? లస్మవ్వ పోయిందని ఆయనకు నిక్కచ్చిగా తెలిసిపోయింది. చర్చిలో ప్రార్థన అయ్యేదాకా ఆగాడు, అదే ఎక్కువ. బయటికి రాగానే షిఫ్టులో వాళ్ళందరికీ ఫోన్లు కొట్టాడు. ఒకడు మాత్రం "మీసం సరే, గుండెందుకు గీకలే?" అని అనుమానపడ్డాడు. "తువ్వాల కింద గుండు గాక పూలజడ ఉంటదారా?" అని శాంతిరాజ్ కసిరాడు. నర్సింగానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చావింట్లో ఫోన్ ఎవరు ఎత్తుతారు? అది నిజానికి చీరల మూటలో పడి మోగుతోంది. చావింట్లో పొయ్యి వెలగదు కనుక బియ్యం సంచి ఒకటీ, పెద్ద బంతిపూల దండ ఒకటీ పట్టుకుని, షిఫ్టు షిఫ్టంతా ఒక ట్రాలీ ఆటో ఎక్కి మొగిలివాగుకు బయలుదేరింది.

ఊరి మొదట్లోనే, కల్యాణం కోసం కొడుతున్న డప్పుల చప్పుడు వినబడింది. ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. "ముసలిది నిండు బతుకు బతికింది, గందుకే డప్పులు పెట్టి సాగదోలుతున్రు," అని శాంతిరాజ్ కళ్ళు తుడుచుకున్నాడు. మిగతావాళ్ళు చెప్పులు ఆటోలోనే విడిచి, తువ్వాళ్ళు భుజాల మీద వేసుకుని, తలలు వంచుకుని, చప్పుడు వినబడిన దిక్కుకు నడిచారు.

ఆ సమయానికి పందిరి కింద నర్సింగం తెర వెనక నిలబడి ఉన్నాడు. తెర అంటే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్న దుప్పటి. మొహానికి రంగు, కళ్ళకు కాటుక, ఒంటికి ఎర్ర చీర, కాళ్ళకు గజ్జెలు. అడవి నుంచి రాణి సభకు వచ్చే ఘట్టం అదే. డోలక్ మొదలైంది. గట్టయ్య హార్మోనియం ముందు కూర్చుని తల ఊపుతున్నాడు. దుప్పటి సందులోంచి నర్సింగం ముందు వరస చూశాడు. మధ్యలో తల్లి లస్మవ్వ కాళ్ళు చాపుకుని, ఆకూ వక్కా నములుతూ కూర్చుంది. ఆమె మీద వంగి ఎవరో తెల్ల చొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో ఇంత పెద్ద దండ.

"అవ్వా, జర చెప్పు," అంటున్నాడు ఆ మనిషి ఏడుపు గొంతుతో. "లస్మవ్వ ఇల్లెక్కడ? పీనుగను లేపిన్రా, ఉన్నదా?"

"ఏ లస్మవ్వ?"

"నర్సింగం తల్లి. మీసాల నర్సింగం."

లస్మవ్వ నములుతున్న నోరు ఆపింది. "నేనేరా."

అప్పుడు పందిట్లో నవ్వు లేచింది చూడాలి! ముసలామె అయితే పక్కనున్న దాని తొడ మీద చరిచి చరిచి నవ్వింది. "నన్ను జంపింది ఎవడురా? ఇంక నాలుగు ఆటలు చూసే ఓపిక ఉన్నది నాకు. కూసో, అడ్డం లేవకు, నా కొడుకు అస్తున్నడు." శాంతిరాజ్ దండ పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. ఆయన వెనక షిఫ్టు మొత్తం బియ్యం సంచి మధ్యలో పెట్టుకుని, బిక్కమొహాలు వేసుకుని కూర్చుంది.

అందరూ నవ్వుతున్నారు. ఒక్క నర్సింగమే దుప్పటి సందు మూసేశాడు. ఏ నలుగురి కోసం ముప్పై ఏళ్ళు తన గొంతును తొక్కిపెట్టాడో, ఆ నలుగురూ వచ్చి వరసగా ముందు కూర్చున్నారు. వెనక్కి తిరిగి గట్టయ్యను సైగ చేసి పిలిచాడు. ముసలాయన మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు.

"కాకా, నాతోని గాదు. మా బాయోళ్ళు అచ్చిన్రు."

"అయితే?"

"నేను పోను."

గట్టయ్యకు ఓదార్చడం, నచ్చజెప్పడం లాంటివి చేతగావు. "గజ్జె నీ కాళ్ళకున్నది," అన్నాడు. "ఇప్పుకో. నేను కట్టిన, గని నేను ఇప్ప. నీ చేతులతోని నువ్వే ఇప్పుకోని పో." అని మళ్ళీ పాకుతూ వెళ్ళిపోయాడు.

నర్సింగం వంగాడు. ముడి మీద వేళ్ళు పెట్టాడు. లాగితే ఊడిపోయే ముడే. లాగితే ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు. రేపటికి మీసం మళ్ళీ మొలవడం మొదలుపెడుతుంది, బాయిలో ఎవరూ ఏమీ అనరు, రంగు సీసా ఇంట్లోనే ఉంది. రిటైరైనా, ముసలివాడైనా, చచ్చిపోయినా ఆ గరగర గొంతుతోనే. ఆలోచిస్తుంటే భయం వేసింది. నవ్వుతారన్న భయం కంటే అది పెద్దదిగా ఉంది. ముడి వదిలేసి లేచి నిలబడ్డాడు. "తియ్యుండ్రి," అన్నాడు దుప్పటి పట్టుకున్నవాళ్ళతో.

తెర తొలగింది. రాణి రెండడుగులు ముందుకు వేసి, చెయ్యి ఎత్తి, పాట అందుకుంది. ఖర్మ! బయటికి వచ్చింది బాయి గొంతు. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? దుంగ జరపమని కేకేసినట్టు "అడవి దాటొస్తినో రాజా" అని గర్జించింది రాణి. పిల్లలు కిసుక్కుమన్నారు. రాజు వేషగాడు కూడా అదిరిపడ్డాడు. ముందు వరసలో శాంతిరాజ్ నోరు తెరిచి చూస్తున్నాడు. అప్పుడే గుర్తుపట్టినట్టున్నాడు.

నర్సింగం ఆగాడు. గట్టయ్య హార్మోనియం మీద అదే శ్రుతి మళ్ళీ పట్టి వదలకుండా నిలబెట్టాడు. శాంతిరాజ్ కళ్ళలోకి సూటిగా చూస్తూ నర్సింగం ఊపిరి పీల్చాడు. కాపలాగాడిని వాకిట్లోంచి పక్కకు జరిపి, లోపలున్న గొంతును పిలిచాడు.

"అడవి దాటొస్తినో రాజా, ఆనవాలు పట్టవో
కట్టు బట్ట మారినా రాజా, కన్ను జూసి ఎరుగవో
మరిసెటోళ్ళు మరువనీ రాజా, నేను మరువలేదో..."

మొదట కాస్త వణికింది. రెండో చరణానికి నిలబడింది. మూడో చరణానికి పందిరి దాటి పోయింది. అంత సన్నని గొంతు, అంత పెద్ద మనిషిలోంచి! నడుము తిరిగింది, చెయ్యి తిరిగింది, గజ్జె ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఏడవాల్సిన చోట నర్సింగం ఏడ్చాడు, రాజును తిట్టాల్సిన చోట కళ్ళు ఎర్రజేసి తిట్టాడు. హాయిగా ఉంది. ఇంత హాయిని ఇన్నేళ్ళు ఎట్లా వదులుకున్నాను అని పాట మధ్యలోనే ఆయనకు తన మీద తనకు కోపం కూడా వచ్చింది. కొస చరణం ముగిసేసరికి ముందు వరసలోంచి పెద్ద ఈల వినబడింది. వెక్కిరింపు ఈల ఎట్లా ఉంటుందో నర్సింగానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇది అది కాదు. శాంతిరాజ్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, లేచి నిలబడి మరీ వేస్తున్నాడు.

కల్యాణానికి పీటలు వేస్తున్న సందులో శాంతిరాజ్ దూసుకువచ్చాడు. మొహం చూస్తే కొట్టేటట్టున్నాడు.

"నువ్వు మనిషివేనా?" అన్నాడు.

నర్సింగం చీర కొంగు నలుపుతూ తల దించుకున్నాడు.

"గోడకు గోడ ఆనుకోని ఉన్నం. ఒక్కనాడు, ఒక్క పాట ఇనిపించినవా? పండుగకు నేను డోలక్ కొట్టుకుంట గొంతు చించుకుంటుంటె, మాట్లాడకుండ కూసోని ఇంటివి గదా! గసొంటి గొంతు పెట్టుకోని! నా పాటకు లోపల ఎంత నవ్వుకున్నవో!"

"నవ్వలేదురా," అన్నాడు నర్సింగం పాత గరగరతోనే. అనేసరికి నవ్వు వచ్చింది. "జర నవ్విన."

"రేపు షిఫ్టుల సద్ది తినేటప్పుడు పాడాలె. లేకుంటె నీతోని నాకు మాటల్లేవు." వెనక నిలబడ్డవాళ్ళు కూడా "పాడాలె, పాడాలె" అన్నారు. ఒకడైతే "అన్నా, చీర ఎవలు గట్టిన్రే? కుచ్చిళ్ళు మంచిగచ్చినయ్" అన్నాడు. అక్కడే ఉన్న సారవ్వ "నేనే కట్టిన, మీ ఇంటామెకు నేర్పియ్యాల్నా?" అంది. నర్సింగం పకపకా నవ్వాడు. ఆ నవ్వు కూడా సన్నగానే ఉంది. దాన్ని దాచాలని ఆయనకు తోచలేదు.

కల్యాణం అయింది. ఇక రాణికి ఒడి బియ్యం పొయ్యాలి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడిలో బియ్యం పోసి పంపడం ఇక్కడి ఆచారం. ఆటలో రాణికి కూడా ఊరి ముత్తైదువలు పోస్తారు. ముందు సారవ్వ లేచి మొగుడి ఒడిలో దోసెడు పోసి, కొంగులో మొహం దాచుకుని నవ్వుతూ పోయింది. ఇంకో నలుగురు పోశారు. అంతలో లస్మవ్వ చేతికర్ర పట్టుకుని లేచింది. భర్త పోయిన ఆడవాళ్ళు ఒడి బియ్యం పొయ్యకూడదని కట్టుబాటు. పక్కనున్న ఒకామె మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుంది. "అవ్వా, నువ్వు పొయ్యద్దు గదనే."

"ఎందుకు పొయ్యద్దు?" అంది లస్మవ్వ. "సచ్చినదానికి పట్టింపులేందే? నేను పోయిన్నని ఖని కెళ్ళి ఆటో కట్టుకోనచ్చిన్రు, నా పీనుగకు దండ సుత తెచ్చిన్రు. ఓ బిడ్డా, తెల్ల అంగోడా, నువ్వు తెచ్చిన ఆ బియ్యం సంచి ఇటు పట్టుకరా."

శాంతిరాజ్ పరుగెత్తి వెళ్ళి సంచి తెచ్చాడు. మూతి విప్పి ముసలామెకు అందేలా వంచి పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకున్నామె వదిలేసి పక్కకు జరిగింది.

లస్మవ్వ కర్ర పక్కన పడేసి, రెండు చేతులా బియ్యం తీసి, పీట మీద కూర్చున్న కొడుకు ఒడిలో పోసింది. ఒక దోసిలి, ఇంకో దోసిలి. వేళ్ళ సందుల్లోంచి జారి బియ్యం గజ్జెల మీద రాలాయి. ఆ తర్వాత వంగి, తెల్లగా ఉన్న ఆ పెదవి పైభాగాన్ని బొటనవేలితో తుడిచింది.

"ఎన్నొద్దులాయెనే బిడ్డా," అంది, "నువ్వు ఇంటికి రాక."

పోయిన నెలే వచ్చి వెళ్ళాడు నర్సింగం. అంతకు ముందు నెల కూడా వచ్చాడు. అయినా ఆమె అన్నది అబద్ధమని ఆయనకు అనిపించలేదు. ఒడి నిండా బియ్యం ఉన్నాయి గనుక లేచి కాళ్ళు మొక్కడానికి వీల్లేక, కొంగు గట్టిగా పట్టుకుని, తల ఎత్తి తల్లి మొహంలోకి చూశాడు.

"అచ్చిన్నే అవ్వా," అన్నాడు. అది పాట కాదు, మామూలు మాట. ఆ సన్నని గొంతుతో ఆయన ఒక మామూలు మాట మాట్లాడగా బాయివాళ్ళు వినడం అదే మొదటిసారి. లస్మవ్వ మళ్ళీ దోసిలి పట్టింది, శాంతిరాజ్ సంచిని ఇంకాస్త వంచాడు.